చలి తిరిగిస్తుంది, ఎండ ఇవ్వదు

డిసెంబరు రాగానే మంకీ క్యాపులు బయటికి తీసే జనం మనం. పొద్దున్నే పద్దెనిమిది డిగ్రీలు ఉంటే చాలు, బెజవాడ బందరు రోడ్డు మీద టీ బండి చుట్టూ చేరి ‘ఏం చలి బాబూ’ అనుకుంటాం. అలాంటి ఊళ్లో కూర్చుని, మైనస్ 30 డిగ్రీల్లో కరెంటు కార్లు నడిపినవాళ్ల గురించి నేను ఎందుకు చదువుతుంటానో మా ఇంట్లోవాళ్లకు ఇప్పటికీ అర్థం కాదు. కరెంటు కారు కొన్నాక పట్టిన పిచ్చి ఇది.

బ్రిటన్ దంపతులు క్రిస్ రామ్సే, జూలీ రామ్సే ఉన్నారు. 2017లో మంగోల్ ర్యాలీ అనే సుదూర యాత్రని నిస్సాన్ లీఫ్ అనే చిన్న కరెంటు కారులో పూర్తి చేశారు. అది చాలలేదేమో, 2023 మార్చిలో ఆర్కిటిక్ మంచు మీద, 1823లో ఉత్తర అయస్కాంత ధ్రువం ఉన్న చోటి నుంచి ఇంకో కరెంటు కారులో బయల్దేరారు. కెనడా, అమెరికా, మధ్య అమెరికా, ఆండీస్ కొండలు దాటి, ఆ డిసెంబరులోనే దక్షిణ ధ్రువం చేరారు. పాతిక వేల కిలోమీటర్లకు పైమాట. కారు నిస్సాన్ అరియా. మంచులో దిగబడకుండా 39 అంగుళాల టైర్లు వేయించారు, బండి ఎత్తు పెంచారు. బ్యాటరీ, మోటారు మాత్రం షోరూములో వచ్చినవే. నాకు నచ్చింది ఈ ఒక్క ముక్కే. ధ్రువానికి వెళ్లిన బ్యాటరీకీ, మా వీధిలో ఎదురింటాయన కారు బ్యాటరీకీ లోపల జరిగే సంగతి ఒకటేనన్నమాట.

మనవాళ్లలో ఇలాంటి దూరం కరెంటుతో వెళ్లినవాడంటే నాకు గుర్తొచ్చేది నవీన్ రాబెల్లి. ఇంటిపేరు చూస్తే మనవాడే అనిపిస్తుంది. మన దేశంలో పుట్టి ఆస్ట్రేలియా పౌరుడైన ఇంజినీరు. పాత పియాజియో డీజిల్ ఆటో కొని, ఇంజను పీకేసి, మోటారు బిగించి, పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టి, ‘తేజస్’ అని పేరు పెట్టి 2016 ఫిబ్రవరిలో బెంగళూరులో బయల్దేరాడు. ఇరాన్ దాకా ఓడలో పంపి, అక్కణ్నుంచి టర్కీ, బల్గేరియా మీదుగా సెప్టెంబరుకి ఇంగ్లండు చేరాడు. దగ్గర దగ్గర పది వేల కిలోమీటర్లు. ఇంగ్లండు చేరబోయే ముందు పారిస్ దగ్గర బాత్‌రూముకని ఆగితే పాస్‌పోర్టూ పర్సూ ఎవరో కొట్టేశారు. ఐదు రోజులు ఆలస్యం. ఆటో మాత్రం నిక్షేపంగా ఉంది! అయితే అతను చలి కాలాన్ని తప్పించుకుని వెళ్లాడు. తెలివైన పనే.

ఎందుకంటే చలిలో బ్యాటరీ మొండికేస్తుంది. లిథియం బ్యాటరీలో కరెంటు నడవాలంటే లిథియం అయాన్లు ఒక ద్రవంలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఈదాలి. చలికి ఆ ద్రవం చిక్కబడుతుంది, ఈత మందగిస్తుంది. బ్యాటరీలో ఉన్నదంతా బయటికి రాదు. దీనికి తోడు క్యాబిన్ హీటరు. పెట్రోలు ఇంజను తాగే ఇంధనంలో సగానికి పైగా వేడిగానే వృథా అవుతుంది కాబట్టి ఆ వేడిని లోపలికి మళ్లిస్తే సరిపోతుంది, పైసా ఖర్చుండదు. కరెంటు మోటారులో వృథా అయ్యే వేడి బహు తక్కువ. కాబట్టి వెచ్చదనం కూడా బ్యాటరీలోంచే తోడుకోవాలి. మన ఏసీ కూడా అంతే కదా అంటారేమో. లెక్క చూడండి. బయట 45 డిగ్రీలున్నప్పుడు లోపల 25 కావాలంటే మనం గెలవాల్సిన తేడా ఇరవయ్యే. బయట మైనస్ 20 ఉంటే, లోపల 20 కావాలంటే తేడా నలభై. అందుకే మన ఏసీ కన్నా వాళ్ల హీటరు ఎక్కువ కిలోమీటర్లు తినేస్తుంది.

షికాగో దగ్గర ఉంటున్న మా అన్నయ్య కొడుకు 2024 జనవరిలో ఫోన్ చేశాడు. ఆ వారం అక్కడ చలి మైనస్ 20 దాటింది. ఛార్జింగు స్టేషన్ల దగ్గర టెస్లాలు బారులు తీరి నిలబడ్డ బొమ్మలు మన టీవీల్లో కూడా వచ్చాయి. “బాబాయ్, ప్లగ్గు పెట్టి అరగంట అయింది, ఒక్క పర్సెంటు ఎక్కలేదు” అన్నాడు. చల్లబడ్డ బ్యాటరీలోకి కరెంటు తోస్తే లిథియం లోపలికి ఇంకకుండా గ్రాఫైట్ పైనే లోహంలా పేరుకుపోతుంది. అది మళ్లీ బాగుపడని దెబ్బ. అందుకే బండిలో బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే బీఎంఎస్ ముందు బ్యాటరీని వేడి చేసుకుంటుంది, ఆ తర్వాతే ఛార్జింగు తీసుకుంటుంది. స్టేషను ఇంకా దూరంగా ఉండగానే బ్యాటరీ వేడెక్కేలా ఆన్ చేసుకోవాలని తెలియనివాళ్లే ఆ వరసల్లో ఎక్కువగా ఇరుక్కున్నారు. చలికి డీజిల్ కూడా లొంగుతుంది లెండి. లద్దాఖ్‌లో మామూలు డీజిల్ గడ్డకడుతోందని, మైనస్ 33 దాకా పారే శీతకాలపు డీజిల్‌ని ఇండియన్ ఆయిల్ 2019లో విడిగా తెచ్చింది.

చలికి బ్యాటరీ మొండికేసే సంగతి నాకు స్వయంగా తెలిసింది లంబసింగిలో. నర్సీపట్నం దాటాక ఘాటీ ఎక్కుతుంటే ఛార్జింగు కళ్లముందే జారిపోయింది. అది అనుకున్నదే, ఎత్తు ఎక్కడానికి పెట్టే ఖర్చు. రాత్రంతా బండి బయట మంచులో ఉంది. తెల్లారి అద్దం మీద నీళ్లు తుడిచి స్టార్ట్ చేస్తే, రాత్రి చూపించిన కిలోమీటర్లకీ ఇప్పటికీ బాగా తేడా. అంతకన్నా వింత దిగేటప్పుడు. మామూలుగా యాక్సిలరేటరు మీద కాలు వదిలితే బండి తనంతట తనే పట్టేసి, ఆ ఊపుని కరెంటుగా మార్చి లోపల వేసుకుంటుంది. ఆ పొద్దున మాత్రం కాలు వదిలినా జారుతూనే పోయింది. చల్లటి బ్యాటరీ ‘ఇప్పుడు నాకేం పెట్టొద్దు’ అంటోంది. బ్రేకు తొక్కుతూ దిగాను. కిందికి వచ్చి ఎండ తగిలాక, కాలు వదిలితే మళ్లీ పట్టుకోవడం మొదలైంది. పోయిన కిలోమీటర్లలో చాలా భాగం తుని చేరేలోపు మీటరు మీదకి తిరిగొచ్చింది.

చలి దేశాల్లో తిరిగేవాళ్లు మొదట చెప్పే సూత్రం ఒకటుంది. రాత్రికి ఊరు చేరగానే ఛార్జింగు పెట్టు, తెల్లారాక కాదు. నడిచి నడిచి బ్యాటరీ వెచ్చగా ఉంటుంది, చకచకా తీసుకుంటుంది. మిగతాదంతా వేడిని బయటికి పోనివ్వకపోవడమే. కైకలూరు వైపు చెరువుల దగ్గర చేపల ప్యాకింగు చూసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక వరస చేప, ఒక వరస నూరిన ఐసు, సందుల్లేకుండా కూరి, పైన టార్పాలిన్ బిగించి, అస్సాం దాకా పంపుతారు. అక్కడ బయటి వేడి లోపలికి రాకూడదు, ధ్రువంలో లోపలి వేడి బయటికి పోకూడదు. పనితనం ఒక్కటే.

మరి మన దగ్గర? కట్టమంచి రామలింగారెడ్డి గారు ‘బ్లేజ్‌వాడ’ అన్నారని చెప్పుకునే ఊరు ఇది. మేలో మిట్టమధ్యాహ్నం రెండింటికి ఆటోనగర్ దగ్గర ఒక ఛార్జింగు పాయింటులో ఆగాను. పైన ఆకాశం, కింద తారు, మధ్యలో మిషను. పక్కన ఒక ఆటో అబ్బాయి అప్పుడే బేరం దించి వచ్చి, సీటు కింద చెయ్యి పెట్టలేనంత కాలుతున్న బ్యాటరీకి ప్లగ్గు తగిలించి, బండి నీడలోనే కూర్చున్నాడు. “కొత్తలో నూటపది వచ్చేది సార్. ఇప్పుడు ఎనభై అంటే గగనం. సెల్స్ వీకయ్యాయంటున్నారు” అన్నాడు.

చలి కిలోమీటర్లు లాక్కుంటుంది, వెచ్చబడగానే ఇచ్చేస్తుంది. ఎండ తీసుకున్నది ఇవ్వదు. వేడిలో బ్యాటరీ ఇంకా హుషారుగానే నడుస్తుంది, అదే మోసం. లోపల ఎలక్ట్రోడ్ మీద పొర మందమవుతూ లిథియాన్ని మింగేస్తుంటుంది. పది డిగ్రీలు పెరిగితే అరుగుదల దాదాపు రెట్టింపని ఇంజినీర్ల మోటు లెక్క. నిండుగా ఛార్జి చేసి ఎండలో వదిలేస్తే మరీ చేటు. పెద్ద కార్లలో బ్యాటరీని చల్లబరచడానికి ద్రవం తిరుగుతుంటుంది. ఆటోల్లో చాలావాటికి ఆ సౌకర్యం లేదు. ధ్రువయాత్రికుడి సూత్రాన్ని మనం తిరగేసి పట్టుకోవాలి. బండి దిగగానే ప్లగ్గు పెట్టకూడదు. నీడన ఓ గంట ఆరనిచ్చి, కుదిరితే రాత్రికో తెల్లారుజామునో పెట్టాలి. రోజువారీ తిరుగుళ్లకి ఎనభై తొంభై శాతం చాలు.

కానీ ఆటో అబ్బాయికి గంట ఆగమంటే గంట బేరం పోతుంది. అతనికి నా సలహా కన్నా నీడ ఎక్కువ పనికొస్తుంది. కాబట్టి ఈ వేసవిలోపు మన ఊళ్లో, హైవే మీద ఛార్జింగు పాయింట్లు పెట్టబోయే ప్రైవేటువాళ్లకీ, కార్పొరేషన్ వారికీ ఒకటే మనవి. ఇంకో మిషను తర్వాత పెడుదురుగాని, ఉన్నవాటి మీద ముందు షెడ్డు వెయ్యండి. రేకులకి డబ్బుల్లేకపోతే తాటాకు పందిరైనా సరే.