ఒక వచనమా, ఒక ఉత్తరమా? యిర్మీయా 29:11 వాగ్దాన కార్డుపై ఒక విమర్శ

నూతన సంవత్సర ఆరాధనలో వాగ్దాన కార్డు ఇవ్వడం తెలుగు సంఘాల్లో స్థిరపడిన ఆచారం. డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగింపులో విశ్వాసులు ప్రార్థించుకొని ఒక్కొక్క కార్డు తీసుకుంటారు. దానిపై అచ్చైన వచనం ఆ ఏడాదికి దేవుడు తమకిచ్చిన మాట అని స్వీకరిస్తారు. ఇలా పంచే వచనాల్లో యిర్మీయా 29:11 మిక్కిలి ప్రీతిపాత్రమైనది. దేవుని తలంపులు మన మేలుకొరకే గాని కీడుకొరకు కావనే ఆ వచనం ఇంటి గోడలపైనా, క్యాలెండర్లపైనా కనిపిస్తుంది.

ఈ ఆచారాన్ని తృణీకరించడం మా ఉద్దేశం కాదు. చదువురాని తల్లి ఒక్క వచనాన్నే కంఠస్థం చేసి ఏడాదంతా దానితో ప్రార్థించడం మనమందరం ఎరిగినదే. అది చిన్న సంగతి కాదు. అయితే ఈ వచనాన్ని అది ఉన్న ఉత్తరంనుండి విడదీసి ఇచ్చినప్పుడు, దేవుని నమ్ముమని చెబుతూనే మంచి ఫలితాన్ని నమ్మడం నేర్పుతున్నామని మా వాదన. ఫలితం రాకపోతే ఆ నమ్మకం కూలిపోతుంది. వాక్యం ద్వారా విశ్వాసం లోతుకు దిగాలంటే ఉత్తరమంతా చదవాలి.

ఉత్తరం ఎవరికి వ్రాయబడింది?

క్రీ.పూ. 597లో నెబుకద్రెజరు యెకొన్యా రాజును, యెరూషలేము అధిపతులను, శిల్పకారులను, కంసాలులను బబులోనుకు చెరగొనిపోయాడు. వారికి యిర్మీయా ఎలాశా, గెమర్యాల చేత పంపిన ఉత్తరమే 29వ అధ్యాయం. దానికి ముందు 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త నిలిచి, రెండేళ్లలో అందరూ తిరిగి వస్తారని ప్రకటించాడు. యిర్మీయా దానికి మొదట ఆమేన్ అన్నాడు (28:6). అట్లు జరగాలని అతనికీ ఉంది. కాని దేవుడు చెప్పింది వేరు.

ఉత్తరం ఇళ్లు కట్టుకోమంటుంది, తోటలు నాటమంటుంది, పిల్లలకు పెండ్లిండ్లు చేయమంటుంది (5, 6). ఉన్న పట్టణం నిమిత్తం ప్రార్థించమంటుంది (7). తరువాత డెబ్బై సంవత్సరాల మాట వస్తుంది (10). హెబ్రీ మూలంలో 11వ వచనం "ఏలయనగా" అనే భావమిచ్చే మాటతో మొదలవుతుంది. అంటే అది 10వ వచనానికి ఇచ్చిన హేతువు. ఆ ఉత్తరం విన్న పెద్దలలో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే కన్నుమూస్తారు. వాగ్దానం వారికే ఇవ్వబడింది, నెరవేర్పు మాత్రం వారి మనుమల కాలానిది.

హనన్యా, యిర్మీయా ఇద్దరూ తిరిగి రావడాన్నే ప్రకటించారు. హనన్యా సందేశంలో గడువు దగ్గరగా ఉంది, వినేవారు చేయవలసిన పని ఏదీ లేదు. యిర్మీయా సందేశంలో గడువు దూరం, చేయవలసిన పని మాత్రం నేడే మొదలవుతుంది. హనన్యా రెండేళ్ల గడువైనా ఇచ్చాడు. మన కార్డు పన్నెండు నెలలే ఇస్తుంది. సేవకులు ఈ పోలికను తేలికగా తీసుకోరాదు.

అనువాదంలో మూడు మాటలు

మొదటిది "మీకు" అనే మాట. మన పాత అనువాదంలో దేవుడు ఒక వ్యక్తితో మాట్లాడితే "నీవు" అంటాడు, "మీరు" అంటే అనేకులే. హెబ్రీలోనూ ఇక్కడ బహువచనమే. కాని నేటి వ్యవహారంలో "మీరు" ఒక్కరికి చూపే మర్యాద కూడా. అందుచేత కార్డు పట్టుకున్న విశ్వాసి అది తనకొక్కనికే అనుకుంటాడు. సమాజానికి వచ్చిన ఉత్తరం వ్యక్తిగత జాబుగా మారిపోతుంది.

రెండవది "షాలోమ్". ఈ మాట 7వ వచనంలో మూడుసార్లు, 11వ వచనంలో ఒకసారి వస్తుంది. మన అనువాదం 7లో "క్షేమము" అని, 11లో "సమాధానకరమైన" అని తెనిగించింది. రెండూ తగిన మాటలే. కాని రెండూ మూలంలో ఒకే మాట అని తెలుగు పాఠకునికి తెలిసే మార్గం లేదు. దేవుడు మనపట్ల తలంచే షాలోమ్, మనం పొరుగువారికొరకు వెదకవలసిన షాలోమ్ ఒక్కటే. 7ను విడిచి 11ను పట్టుకోవడం ఆ ఒక్క మాటను రెండుగా చీల్చడమే.

మూడవది "నిరీక్షణ". సంఘ భాషలో ఇది ఆశాభావం, బయటి తెలుగులో ఎదురుచూడడం. ఇక్కడ మన భాష మనకు మేలు చేసింది. డెబ్బై సంవత్సరాల ప్రక్కన ఉంచి చదివితే ఈ మాటలోని రెండు అర్థాలూ కలిసి పలుకుతాయి.

ముంపు గ్రామాల్లో ఈ ఉత్తరం

మా కొండాపురం ప్రాంతంలో ఇది కేవలం పాండిత్య విషయం కాదు. పెన్నానదిపై కట్టిన గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. 2020లో అందులో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు వీధుల్లోకి నీళ్లు వచ్చాయి. ప్రజలు నిరసనలు చేశారు, చివరకు ఊరు విడిచారు. ఇల్లు, పొలం, సమాధుల స్థలం విడిచి పునరావాస కాలనీకి వచ్చిన కుటుంబానికి 29:11 ఒక్కటే చదివి వినిపిస్తే అది ఓదార్పు అవుతుందా, నోరు మూయించడం అవుతుందా?

ఇక్కడ రెండు హెచ్చరికలు అవసరం. యూదావారి చెర వారి పాపానికి వచ్చిన తీర్పని యిర్మీయా చెప్పాడు. ముంపు గ్రామస్థుల విషయంలో అలా చెప్పే అధికారం ఏ బోధకునికీ లేదు. రెండవది, దేవుని ఉద్దేశం మంచిదని చెప్పి నష్టపరిహారం అడిగేవారిని అవిశ్వాసులుగా చూడరాదు. ఈ యిర్మీయాయే పొరుగువాని కష్టానికి కూలి ఇవ్వక మేడ కట్టుకున్న రాజుకు శ్రమ ప్రకటించాడు (22:13). దేవుని పూర్తిగా నమ్మినవాడు న్యాయం అడగడం మానడు.

ఈ హద్దులు పాటిస్తూ ఉత్తరమంతా చదివితే అది వారికి దగ్గరగా వస్తుంది. కొత్త స్థలంలో పునాది తీయడం, చెట్టు నాటడం, పిల్లల పెండ్లి చేయడం దేవుని ఆజ్ఞకు లోబడడమే అవుతుంది. ఏడవ వచనం మరీ కష్టమైనది. గండికోట నీరు ఎత్తిపోతల ద్వారా చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకు చేరి పులివెందుల ప్రాంతపు పొలాలకు వెళ్తుంది. తమ ఊళ్లను ముంచిన నీటితో పండే ఆ పొలాల క్షేమం కొరకు ప్రార్థించగలగడం ఏ కార్డూ నేర్పలేని విశ్వాసం. దానిని వారిపై మోపే హక్కు మనకు లేదు. వారితో కూర్చుండి చదివితే, వాక్యమే వారిని అక్కడికి నడిపించవచ్చు.

పూర్తిగా నమ్మడం

క్రీస్తునందు దేవుని వాగ్దానాలన్నీ అవును అన్నట్టుగానే ఉన్నాయని పౌలు చెప్పాడు గదా (2 కొరింథీ 1:20), ఈ వాగ్దానం మనది కాదా అని కొందరు అడుగుతారు. మనదే. అయితే అది క్రీస్తు మార్గంలో, అనగా సిలువ గుండా మనదవుతుంది. హెబ్రీ పత్రిక చెప్పిన విశ్వాసులు కూడా వాగ్దాన ఫలం అనుభవింపక, దూరమునుండి చూచి మృతినొందారు (11:13). వారి విశ్వాసం తక్కువని అక్కడ ఎవరూ అనలేదు.

యిర్మీయా తానే దీనికి మాదిరి. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉండగా అతడు అనాతోతులోని పొలాన్ని 17 తులాల వెండికి కొని, క్రయపత్రాలు చాలా దినాలు ఉండేలా మట్టికుండలో పెట్టించాడు (32వ అధ్యాయం). ఆ వెంటనే, పట్టణం శత్రువు చేతికి పోతూ ఉంటే పొలం కొనమన్నావేమి అని దేవుని యెదుట తన కలవరం చెప్పుకొన్నాడు (32:25). లోబడడం, ప్రశ్నించడం ఒకే ప్రార్థనలో ఉన్నాయి. సంపూర్ణ నమ్మిక అంటే ప్రశ్న లేకపోవడం అని బోధించేవారు ఈ అధ్యాయాన్ని మరలా చదవాలి.

సేవకులకు మా మనవి ఇది. కార్డు మానవలసిన పని లేదు. వెనుకవైపు "29:4-14 చదవండి" అని అచ్చు వేయించండి. జనవరి మాసపు గృహ కూటాల్లో 27నుండి 32 వరకు వారానికొక అధ్యాయం చొప్పున చదివించండి, మిగిలినది ఫిబ్రవరిలో ముగించండి. చదువు రానివారికి బిగ్గరగా చదివి వినిపించండి. ఆ ఉత్తరం మొదట చేరింది కూడా అనేకులున్న ఒక సమాజానికే.

11వ వచనం తరువాత 12, 13 ఉన్నాయి. వాగ్దానం విన్నవారు ప్రార్థిస్తారని, పూర్ణమనస్సుతో వెదకితే దేవుని కనుగొంటారని అవి చెబుతున్నాయి. బబులోనులో ఉండగానే, తిరిగి రాకముందే వారు ఆయనను కనుగొనవచ్చు. డెబ్బై ఏండ్లు ఆగనవసరం లేని వాగ్దానం ఆ ఉత్తరంలో అదే. మన కార్డుపై దానికే చోటు లేకపోయింది.