కథకు ముందు అడగాల్సిన లెక్కలు

సింగరాయకొండ, కందుకూరు ప్రాంతాల మీద కథ రాయదలచినవాళ్లు పొగాకు బ్యారన్ దగ్గర కొన్ని రాత్రులు గడపాలి. ఆకు రెలిచి, కర్రలకు అల్లి, బ్యారన్‌లో వరసలుగా వేలాడదీస్తారు. సన్నని సెగకు మొదట ఆకు పసుపు తిరగాలి. తర్వాత ఆకు, చివరికి ఈనె ఎండాలి. దాదాపు అయిదారు రోజులు మంట చూసే మనిషికి సరైన నిద్ర ఉండదు. సెగ తొందరపడితే ఆకులో పచ్చదనం నిలిచిపోతుంది, వేలంలో ధర పడిపోతుంది. ఇదేమీ తెలియని కథలో రైతు ఊరికే దిగులుగా కూర్చుంటాడు. తెలిసిన కథలో కూతురి పెళ్లిమాటల మధ్య లేచి థర్మామీటరు చూడ్డానికి పోతాడు, వియ్యాలవారు మొహాలు చూసుకుంటారు. వివరం వల్ల కథ కదలాలి. కదలకపోతే ఎంత నిజమైనా కొట్టేయాల్సిందే.

ఈ కోస్తా మైదానంలో ఆ కదలికను నవలకు తెచ్చినవాడు ఉన్నవ లక్ష్మీనారాయణ. గుంటూరు జిల్లా వేములూరుపాడులో 1877లో పుట్టాడు, డబ్లిన్‌లో బారిష్టరు చదివాడు. 'మాలపల్లి'ని రాయవెల్లూరు జైల్లో రాశాడు. 1922లో అచ్చయింది, మరుసటి ఏడే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. జైలు గదిలో పొలం లేదు, అడగడానికి కూలీ లేడు. అయినా అందులో పల్లె మాట్లాడే తెలుగు ఉంది, కూలి గింజల్లో ఇవ్వాలా డబ్బుల్లో ఇవ్వాలా అన్న తగవు ఉంది. ధరలు పెరిగే కాలంలో గింజలు కడుపు నింపుతాయి, డబ్బు నింపదు. ఆ తేడా పట్టుకున్నందువల్లే నవలలోని సంగదాసు పోరాటం ఉపన్యాసంగా మిగలకుండా కథ అయింది. ఉన్నవ వినికిడి అంతా జైలుకు పోకముందే పూర్తయిందని నా నమ్మకం.

తెనాలి రచయిత శారద దారి వేరు. తమిళనాడు నుంచి వచ్చి, హోటళ్లలో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని, ఆ కష్టజీవుల లోకాన్నే రాశాడు. అతని బతుకే అతని పరిశీలన.

బయటి నుంచి వచ్చేవాళ్లకు కాగితాలూ కావాలి. సింగరాయకొండలో రైలెక్కితే ఒంగోలు దాటాక వేటపాలెం వస్తుంది. అక్కడ 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలు భద్రంగా ఉన్నాయి. వాటిలో ధరలు, వానలు, ప్రకటనలు దొరుకుతాయి. కానీ పత్రిక చెప్పనివి కొన్ని ఉంటాయి. 1987 ప్రాంతంలో తెల్లదోమ పత్తిని ముంచడంతో గుంటూరు, ప్రకాశం రైతులు ప్రాణాలు తీసుకున్న సంగతి వార్తల్లో చదవొచ్చు. పురుగుమందుల కొట్లో ఖాతా ఎవరి పేరున ఉంది, భర్త పోయాక అప్పు అడగడానికి కొట్టువాడు ఏ వేళప్పుడు వచ్చాడు అన్నవి ఆ ఇంటామె చెబితేనే తెలుస్తాయి. చెప్పించడానికి తొందరపడకూడదు. "అమ్మా, అప్పుడు మీకెలా ఉంది?" అని అడిగితే ఏడుపు వస్తుంది, "ఆ ఏడు కౌలు ఎంత?" అని మొదలుపెడితే మాట వస్తుంది. ఆమెను ఊళ్లోవాళ్లు గుర్తుపట్టేలా మాత్రం రాయకూడదు. పేరు ఒక్కటే మారిస్తే చాలదు, అవసరమైతే సంఘటననే మార్చాలి.

రాతప్రతి అయ్యాక కథలోని పనులు నిజంగా చేసేవాళ్లకే చదివి వినిపించడం అన్నిటికన్నా కష్టమైన పరీక్ష. విమర్శకుడు శైలి చూస్తాడు, ఆకు అల్లే ఆమె పొద్దు చూస్తుంది. "ఆ ఎండప్పుడు మేం పొలంలో ఎందుకుంటాం సార్?" అని ఆమె అంటే ఆ పుట మళ్లీ రాయాలి.