బీరువాలో స్కాన్ ఫొటో

మన ఇళ్లలో స్కాన్ ఫొటో ఉండేది బీరువాలో. పట్టాదారు పాస్‌బుక్కులు, ఎల్ఐసీ బాండ్లు, పదో తరగతి మార్కుల జాబితాలు పెట్టే అరలోనే, ఆస్పత్రివాళ్లిచ్చిన ఫైల్లో, మందుల బిల్లులకీ రక్తపరీక్ష కాగితాలకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఎన్టీ స్కానుదో, టిఫాదో. బిడ్డ పుట్టి, బారసాలై, పుట్టువెంట్రుకలు తీయించి, బళ్లో వేశాక ఎప్పుడో బీరువా సర్దుతుంటే ఆ ఫైలు బయటపడుతుంది. తీరా తెరిచి చూస్తే కాగితం పచ్చబడి, బొమ్మ ఉందా లేదా అన్నట్టుంటుంది.

పాత ఆల్బమ్‌లు బాగుచేయడం నాకున్న పిచ్చి. కుట్లూడిన పెళ్లి ఆల్బమ్‌లు తెలిసినవాళ్లు తెచ్చిస్తుంటారు: నల్లటి అట్టలు, మధ్యమధ్య సాలెగూడు గీతల పల్చటి కాగితం, ఫొటో నాలుగు కొసలూ పట్టుకునే కాగితపు మూలలు. ఈమధ్య వాటితోపాటు స్కాన్ ఫొటోలూ వస్తున్నాయి. “మా అమ్మానాన్నల పెళ్లి ఫొటో ఇప్పటికీ నిగనిగలాడుతోంది, మొన్నమొన్నటి ఇదేంటి ఇలా అయిపోయింది?” అని అడుగుతారు.

పాత నలుపు తెలుపు ఫొటోలో నలుపు వెండి రేణువులది. స్కాన్ మిషను పక్కనుండే చిన్న ప్రింటరులో అసలు సిరాయే ఉండదు. మామూలుగా 110 మిల్లీమీటర్ల వెడల్పున్న కాగితపు రోలు ఉంటుంది. ఆ కాగితం మీద పూతలో రెండు పదార్థాలుంటాయి. ఒకటి ఇంకా రంగు తేలని రంగు, రెండోది దాన్ని నల్లబరిచే ఆమ్లగుణమున్న పదార్థం. ప్రింటరులో సన్నటి వేడి చుక్కలు తగిలినచోట రెండూ కరిగి కలుస్తాయి, అక్కడ నలుపు తేలుతుంది. ఏటీఎం స్లిప్పు, ఆర్టీసీ కండక్టరు మిషన్లోంచి చింపిచ్చే టికెట్టు ఈ జాతివే. స్కాన్ కాగితం వాటికంటే మేలురకమే, అయినా జాతి జాతే. అయితే అన్ని సెంటర్లూ ఈ కాగితమే ఇవ్వవు. చాలాచోట్ల ఇప్పుడు ఏ4 కాగితం మీద మామూలు ప్రింటరుతోనే బొమ్మలన్నీ వరుసగా వేసిస్తున్నారు. దానికి ఇంత గండం లేదు. నున్నగా, పల్చగా, చుట్ట చుట్టుకుపోయే ముక్క చేతికొస్తేనే జాగ్రత్త పడాలి.

మా బంధువులమ్మాయి ఒకామె పదిలంగా ఉంటుందని అలాంటి ముక్కని జిరాక్స్ షాపులో లామినేషన్‌కి ఇచ్చింది. ఆధార్ కార్డుల్ని చేసినట్టే ఆ కుర్రాడు కవర్లో పెట్టి మిషన్లోకి తోశాడు. అవతలివైపు వచ్చేసరికి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నలుపు. పేరు లేదు, తేదీ లేదు, పాప లేదు. వేడి సరిగా తగలని ఒక అంచున మాత్రం వేలెడంత బూడిదరంగు మిగిలింది. ఆ కుర్రాణ్ని అనడానికేం లేదు, ఏ కాగితం వేడికి నల్లబడుతుందో అతనికెవరు చెప్పారు?

లామినేషన్ నిమిషంలో చేసే పనిని మిగతావి నింపాదిగా చేస్తాయి. వేడి కాగితాన్ని నల్లబరిస్తే, ఎండా వెలుతురూ ఉన్న నలుపుని వెలిసిపోయేలా చేస్తాయి. మెత్తటి పీవీసీ కవర్లలో మెత్తదనం కోసం కలిపే పదార్థం మెల్లగా కాగితంలోకి దిగి నలుపుని తినేస్తుంది. సెలోటేపు జిగురూ అంతే. చేతికి రాసుకున్న శానిటైజర్ ఆరకముందే ముట్టుకుంటే వేలిముద్ర మేర మచ్చ పడుతుంది. ఇక కొన్ని ఇళ్లలో ఇంకో ముచ్చట ఉంది. స్కాన్ కాగానే ఫొటోకి శుభలేఖకి రాసినట్టు నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి దగ్గర పెడతారు. ఆ ముచ్చట కాదనే ధైర్యం నాకు లేదు. దీపం వేడికీ నూనె చుక్కలకీ దూరంగా పెట్టమని మాత్రం బతిమాలతాను.

అన్నిటికంటే ముందు చేయాల్సింది నకలు తీయడం. నలుపు నలుపుగా ఉన్నప్పుడే, అంటే ఇంటికొచ్చిన వారంలోనే. స్కానర్ అద్దం మీద బోర్లాపెట్టి ఆరువందల డీపీఐలో తీస్తే దాని వేడికి కాగితానికొచ్చిన నష్టమేం లేదు. స్కానర్ లేకపోతే కిటికీ పక్క నీడలో ఫోన్‌తో తీయొచ్చు. ఫ్లాష్ వద్దు, నున్నటి కాగితం మీద మెరుపు పడని కోణం దొరికేదాకా ఫోన్ని అటూఇటూ కదపాలి. ఆ ఫైలుని ఎవరికైనా వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది, ఫొటోగా పంపితే నలిగిపోతుంది. అసలు ప్రతిని మామూలు తెల్ల కాగితపు కవర్లో పెట్టి, చీకటిగా చల్లగా ఉండే అరలో దాస్తే చాలు. ఏమైనా రాసుకోవాలంటే వెనకవైపు, మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా. గోడకైనా ఆల్బమ్‌కైనా ఎక్కాల్సింది స్టూడియోలో ఫొటో కాగితం మీద వేయించిన నకలే.

ఇప్పటికే వెలిసిపోయిందంటే సెంటర్‌లో అడిగి చూడొచ్చు. కాకపోతే గడువుంది. గర్భిణుల స్కాన్ రికార్డుల్ని రెండేళ్లు భద్రపరచాలంటుంది 1994 నాటి పీసీపీఎన్డీటీ చట్టం. ఆ తర్వాత ఉంచితే వాళ్ల మంచితనం.

ఆల్బమ్‌లోకి ఎక్కించేటప్పుడు చాలామంది బొమ్మ చుట్టూ ఉన్న అక్షరాలన్నీ కత్తిరించి, పాప ఒక్కటే ఉంచమంటారు. నేనొప్పుకోను. తల్లి పేరు, ఐడీ నంబరు గోడ మీద నకల్లో కప్పేద్దాం, సరే. తక్కినవి ఉండాల్సిందే. పన్నెండో వారం ఫొటో ఒకటి తీసి చూడండి. పైన తేదీ, సమయం. పక్కన లోతు కొలిచే గీతలు. మధ్యలో రెండు చిన్న కూడిక గుర్తులు, ఒకటి మాడు దగ్గర, ఒకటి పిర్రల దగ్గర, వాటిని కలుపుతూ చుక్కల గీత. అడుగున సీఆర్ఎల్ అని ఐదున్నర సెంటీమీటర్ల పైచిలుకు అంకె. ఆ రెండు గుర్తుల్నీ డాక్టరు ఆ గదిలో చేత్తో పెట్టింది. మన మనిషిని లోకంలో మొదటిసారి ఎవరో కొలిచారనడానికి అదే దాఖలా. ఈ కొలతల విద్యకి మూలం కార్ఖానాలోనే ఉంది. ఇనుములో పగుళ్లని కనిపెట్టే ధ్వనితరంగాల యంత్రాన్ని 1955లో గ్లాస్గో ప్రొఫెసర్ ఇయాన్ డొనాల్డ్ ఒక బాయిలర్ల కంపెనీలో కణితుల మీద పెట్టి చూశాడు. 1958లో ఆయన బృందం లాన్సెట్ పత్రికలో వేసిన వ్యాసంతో వైద్యలోకం దాన్ని పట్టించుకుంది.

గోడకెక్కించడం దగ్గరే ఇంట్లో గొడవ. “పుట్టకముందే ఫొటో కట్టించడమేంటమ్మాయ్, చలిమిడైనా పెట్టలేదింకా” అంటుంది పెద్దమ్మ. మూడో నెల దాటేదాకా నోరు విప్పని ఇల్లు, పురుడు పోసుకునేదాకా కొత్త చొక్కా కొనని ఇల్లు. దిష్టి సంగతి సరే, ఇంకోటి కూడా ఉంది. మన హాల్లో గోడ మీద ఫొటో అంటే చాలా ఇళ్లలో దండ వేసి, బల్బు పెట్టిందే. ఆ వరసలో ఇంకా కళ్లు తెరవని బిడ్డని పెట్టడానికి పెద్దవాళ్లకి చేతులు రావు. నేను పెద్దమ్మ పక్షమే. దిష్టికి భయపడి కాదు, ఆ నెలల్లో తల్లికి ఎవరి ప్రశ్నలూ లేకుండా ఉంటే మంచిదని.

మనకూ అమెరికాలో ఆల్బమ్‌లకూ ఇంకో తేడా ఉంది. అక్కడ స్కాన్ పేజీలోనే గులాబీ రంగో నీలం రంగో పూసేస్తారు, దాని పేరున కేకు కూడా కోస్తారు. కేవలం జ్ఞాపకం కోసం స్కాన్ తీసే దుకాణాలూ ఉన్నాయి. వైద్యం అవసరం లేకుండా అలా తీయించుకోవద్దని అక్కడి ఎఫ్‌డీఏయే చెబుతోంది. ఇక్కడ సరదాకి తీసే వీలు చట్టంలోనే లేదు. బిడ్డ ఆడో మగో ఇక్కడ చెప్పరన్న బోర్డు కింద కూర్చుని, తనకది తెలుసుకోవాలని లేదని తల్లి ఫారం ఎఫ్‌లో సంతకం పెట్టాకే మంచమెక్కుతుంది. ఆడపిల్లని తెలిసి వద్దనుకున్న చరిత్ర మనది కాబట్టి ఆ బోర్డు వచ్చింది. మన స్కాన్ పేజీకి రంగు లేకపోవడం నాకు లోటనిపించదు.

నిలవని బిడ్డల ఫొటోలు కూడా నా దగ్గరికి వచ్చాయి. వాటిని తల్లులే తెస్తారు, ఇంట్లో ఇంకెవరూ తేరు. “ఇంకా ఎందుకే అది” అని పారేయబోతే దాచుకున్నవి. ఆ బిడ్డకి వేరే ఫొటో ఉండదు. నేను వాటినీ మిగతావాటిలాగే చేస్తాను: నకలు తీస్తాను, తేదీ ఉంచుతాను, పెద్ద పాప పేజీకి ముందు పేజీలో పెట్టమంటే అక్కడే పెడతాను. ఎక్కడ పెట్టాలో చెప్పే హక్కు ఆ తల్లికే.

బారసాలయ్యాక మాత్రం గోడకేం అభ్యంతరం లేదు. డాలస్‌లో ఉన్న మా మేనకోడలు ఫ్రిజ్‌కి అయస్కాంతంతో అంటించిన ఫొటోని వాళ్ల అమ్మ తెనాలిలో ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించింది. ఫ్రేములాయన విసనకర్రలా ఉంది కదా అని పిడి కిందికొచ్చేలా తిప్పి కట్టాడు. స్కాన్ బొమ్మలో ఇరుకు వైపు పైనుండాలి, ప్రోబ్ పొట్ట మీద ఆనేది అక్కడే. నేను వెళ్లినప్పుడు చూసి చెప్పాను, తిప్పించుకుందామన్నాను. “ఉండనీవే, రోజూ చూస్తున్నది అలాగే, ఇప్పుడు తిప్పితే ఎవరి పిల్లో అనిపిస్తుంది” అంది వదిన. మనవరాలు పోయిన సంక్రాంతికి వచ్చి, మెడ వంచి మరీ తనని తాను వెతుక్కుంది.