ముందు హోల్‌స్టర్, తర్వాతే పిస్టల్

డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు పిస్టల్ కొనాలనుకుంటే నెలల తరబడి ఆలోచిస్తారు. గ్లాక్ మంచిదా, సిగ్ మంచిదా, స్మిత్ అండ్ వెసన్ మంచిదా అని తెలిసినవాళ్లందరినీ అడుగుతారు. వీడియోలు చూస్తారు. రేంజికి వెళ్లి అద్దెకు తీసుకుని కాల్చి చూస్తారు. చివరికి ఐదారు వందల డాలర్లు పెట్టి కొంటారు. తీరా బిల్లు కట్టే కౌంటర్ పక్కన వేలాడుతున్న ఇరవై డాలర్ల నైలాన్ హోల్‌స్టర్ ఒకటి తీసి దాంతోపాటే సంచీలో వేసుకుంటారు. దాన్ని ఎంచుకోవడానికి పట్టిన సమయం అర నిమిషం. ఏళ్ల తరబడి నడుముకు పిస్టల్ పెట్టుకుని స్టోర్ తాళాలు తీసి వేసే మనిషిగా చెబుతున్నాను, ఈ వరస తలకిందులు కావాలి.

పిస్టల్ పెట్టుకునే మనిషి రోజూ చేసే పని కాల్చడం కాదు, మోయడం. ఎక్కువమందికి దాన్ని బయటకు తియ్యాల్సిన రోజు జీవితంలో రాదు. రాకూడదనే నా కోరిక కూడా. కానీ పొద్దున పెట్టుకోవడం, రాత్రి తియ్యడం, మధ్యలో కూర్చోవడం, వంగడం, కారెక్కి సీటు బెల్టు పెట్టుకోవడం, బాత్రూంకి వెళ్లడం ఏ రోజూ తప్పవు. ప్రమాదమంతా అక్కడే పొంచి ఉంటుంది. అందుకే మంచి హోల్‌స్టర్‌కి నా కొలత ఒకటే. పొద్దున పెట్టుకున్నాక రాత్రి దాకా మన చెయ్యి మళ్లీ పిస్టల్ మీద పడాల్సిన అవసరం రాకూడదు.

ఆ అవసరం వస్తే ఏమవుతుందో అమెరికా అంతా ఒకసారి చూసింది. ప్లాక్సికో బరెస్ న్యూయార్క్ జెయింట్స్ ఫుట్‌బాల్ ఆటగాడు. 2008 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిపించిన టచ్‌డౌన్ పట్టింది అతనే. అదే ఏడాది నవంబర్‌లో మన్‌హాటన్‌లోని ఒక నైట్‌క్లబ్‌కి గ్లాక్ పిస్టల్ తీసుకెళ్లాడు. హోల్‌స్టర్ లేదు, ప్యాంటు నడుములో దోపుకున్నాడు. అది కిందికి జారింది. జారే వస్తువును ఎవరైనా చేసేటట్టే చటుక్కున పట్టుకోబోయాడు. వేలు ట్రిగ్గర్ మీద పడింది, గుండు తొడలోంచి దూసుకెళ్లింది. న్యూయార్క్‌లో దానికి లైసెన్సు కూడా లేకపోవడంతో రెండేళ్ల జైలుశిక్ష పడింది. దెబ్బలాట లేదు, దొంగ లేడు. జారిన పిస్టల్, దాన్ని పట్టుకోబోయిన చెయ్యి, అంతే.

గ్లాక్ తరహా పిస్టళ్ల మీద బొటనవేలితో నొక్కే సేఫ్టీ మీట సాధారణంగా ఉండదు. సేఫ్టీ ట్రిగ్గర్‌లోనే ఉంటుంది. కిందపడితే పేలకుండా తయారుచేస్తారు గానీ, ట్రిగ్గర్‌ని ఏది నొక్కినా పేలుతుంది. నొక్కింది వేలా, చొక్కా అంచా, జాకెట్ తాడా అనేది దానికి తెలియదు. రెండున్నర కిలోల ఒత్తిడి చాలు. అంటే ఆ మీట చెయ్యాల్సిన పని నడుము దగ్గర హోల్‌స్టరే చెయ్యాలి. ట్రిగ్గర్ గార్డు రెండు వైపులా పూర్తిగా మూసి ఉండాలి. పైనుంచి గట్టిగా అదిమినా లోపలికి వంగకూడదు. పిస్టల్ బయటకు తీశాక కూడా దాని నోరు ముడుచుకుపోకుండా తెరిచే ఉండాలి. ఇరవై డాలర్ల నైలాన్‌ది ఈ మూడింట్లో ఒక్కటీ చెయ్యదు. ఎన్నో మోడళ్లకు సరిపోతుందని డబ్బా మీద రాసి ఉంటే దేనికీ సరిగ్గా సరిపోదని అర్థం.

తోలంటే నాకు ఇష్టమే. ఒంటికి మెత్తగా ఉంటుంది, చప్పుడు చెయ్యదు. కానీ తోలు పాతబడే కొద్దీ చెమటకు మెత్తబడుతుంది, నోటి దగ్గర మడత పడుతుంది. ఆ మడత ట్రిగ్గర్ గార్డులోకి దూరిందంటే, పిస్టల్‌ని లోపలికి తోసే మన చేతే ట్రిగ్గర్‌ని నొక్కించినట్టవుతుంది. అలా పేలి సొంత నడుమునే గాయపరచుకున్నవాళ్లున్నారు. తోలుది వాడేవాళ్లు దాని నోటిని తరచూ చూసుకోవాలి, మెత్తబడితే మొహమాటం లేకుండా పారెయ్యాలి. నేను మాత్రం కైడెక్స్‌కి మారిపోయాను. 1960ల్లో విమానాల లోపలి భాగాల కోసం తయారైన ప్లాస్టిక్ రేకు ఇది. వేడిచేసి మెత్తబడ్డాక పిస్టల్ అచ్చు మీద అదుముతారు. చల్లారాక ఆ రూపమే నిలిచిపోతుంది. గ్లాక్ 19కి చేసినదాంట్లో గ్లాక్ 43 కుదురుగా కూర్చోదు, పిస్టల్ కింద లైటు బిగించుకుంటే అచ్చే మారిపోతుంది. సరైనదైతే పిస్టల్ పూర్తిగా దిగగానే టక్కుమని శబ్దం వస్తుంది. ఖాళీ పిస్టల్ పెట్టి, మంచం మీద తలకిందులుగా పట్టుకుని ఊపినా జారకూడదు. ఇలాంటిది అరవై నుంచి వంద డాలర్ల దాకా ఉంటుంది.

కొనడంతో సగం పనే అవుతుంది. మిగతా సగం స్క్రూడ్రైవర్‌తో. మా స్టోర్‌లో పనిచేసే ఒక కుర్రాడు, సన్నగా రివటలా ఉంటాడు, మంచి కైడెక్స్ హోల్‌స్టరే కొనుక్కుని వచ్చి మొహం వేలాడేశాడు. "అన్నా, చొక్కా వేసుకున్నా పిడి తెలిసిపోతోంది. ఇంకా చిన్న పిస్టల్ కొనాలేమో." కొనక్కర్లేదురా అన్నాను. ఆ రాత్రి మా ఇంటి బల్ల దగ్గర కూర్చున్నాం. మ్యాగజైన్ తీసేశాం, ఛాంబర్ కంటితో చూసి వేలితో తడిమాం, గుళ్లన్నీ పక్కగదిలో పెట్టాం. ఆ తర్వాతే పని మొదలు.

చాలామంది గొట్టం పొడవు చూసి భయపడతారు. గొట్టం ప్యాంటులోకి దిగిపోతుంది, అది కనపడదు. బయటపడేది పిడి. ఆ పిడిని ఒంటివైపు తిప్పడానికి హోల్‌స్టర్ పక్కన చిన్న కొక్కెంలాంటి ముక్క బిగిస్తారు, ఇక్కడివాళ్లు దాన్ని క్లా అంటారు. బెల్టు బిగించగానే బెల్టు దాన్ని నొక్కుతుంది, అది పిడిని పొట్టకేసి తిప్పుతుంది. మావాడి హోల్‌స్టర్‌తోపాటు ఆ ముక్క వచ్చింది, వాడు డబ్బాలోనే వదిలేశాడు. అది బిగించగానే పిడి సగం లోపలికి పోయింది. ఇంకా పైభాగం ముందుకు వాలుతోంది. హోల్‌స్టర్ కింది చివర, ఒంటివైపు, గట్టి ఫోమ్ ముక్క ఒకటి అతికించాం. కింద ఎత్తు పెరిగితే పైభాగం వెనక్కి వాలుతుంది. తర్వాత క్లిప్పును ఒక రంధ్రం మార్చి హోల్‌స్టర్‌ని కాస్త పైకి తెచ్చాం, ఎందుకంటే మరీ దిగిపోతే వేళ్లు పిడి చుట్టూ పూర్తిగా పట్టవు. ట్రిగ్గర్ గార్డు దగ్గర రబ్బరు వాషర్‌తో ఉండే స్క్రూని పావు చుట్టు బిగిస్తే పట్టు కుదిరింది. క్లిప్పు స్క్రూలు రోజువారీ కదలికకు వదులైపోతాయి, వాటికి నీలం లాక్‌టైట్ జిగురు చుక్క వేశాం. వాడు అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, వంగి, చేతులెత్తి చూసుకున్నాడు. "ఇదే పిస్టలా అన్నా?" అన్నాడు.

బెల్టు సంగతి అప్పుడే చెప్పాను. మామూలు బెల్టు బరువుకి మెలిపడుతుంది, దాంతో హోల్‌స్టర్ బయటికి ఒరుగుతుంది. దీనికోసమే చేసే గట్టి బెల్టులుంటాయి, ఒకటిన్నర అంగుళాల వెడల్పువి. ప్యాంటు కూడా నడుము ఒకటి రెండు అంగుళాలు ఎక్కువది కొనుక్కోవాలి. మన ఎండల్లో పల్చటి చొక్కా తప్పదు కాబట్టి ముదురు గళ్లది, కాస్త వదులుది మేలు.

ఎక్కడ పెట్టుకోవాలన్నది వాళ్లవాళ్ల పనిని బట్టి ఉంటుంది. నడుముని గడియారంలా ఊహించుకుని చెబుతారిక్కడ. బొడ్డు పన్నెండు, కుడి తుంటి మూడు. నాలుగు గంటల దగ్గర పెట్టుకుంటే నిలబడ్డప్పుడు హాయి. కానీ కూలర్‌లో పాలడబ్బాలు సర్దడానికి వంగిన ప్రతిసారీ చొక్కా వెనక బిగిసి పిడి ఆకారం తేలిపోతుంది. అందుకే నేను ముందువైపు, ఒంటిగంట దగ్గర పెట్టుకుంటాను. వెన్నుపూస మీద పెట్టుకోవడం నాకు అసలు నచ్చదు, వెల్లకిలా పడితే ఆ ఇనుము నేరుగా వెన్నుకే తగులుతుంది. సినిమాల్లో చూసే చంకకింది హోల్‌స్టర్‌లో గొట్టం చాలాసార్లు వెనక నిలబడ్డవాళ్ల వైపు చూస్తుంది.

ముందువైపు పెట్టుకుంటే గొట్టం మన తొడ వైపే ఉంటుంది, అక్కడ పెద్ద రక్తనాళం ఉంది. కాబట్టి నడుముకు ఉన్న హోల్‌స్టర్‌లోకి పిస్టల్‌ని నేను తొయ్యను. హోల్‌స్టర్‌ని చేత్తో పట్టుకుని, గొట్టం ఎవరూ లేని వైపు ఉంచి, పిస్టల్ దాంట్లో పెట్టి, టక్కుమన్నాక మొత్తాన్ని కలిపి ప్యాంటులో పెట్టుకుంటాను. రాత్రి కూడా హోల్‌స్టర్‌తో సహా తీసి సేఫ్‌లో పెడతాను. రేంజిలో నడుముకే పెట్టాల్సి వస్తే చొక్కా పూర్తిగా పక్కకు లాగి, కళ్లతో చూస్తూ, నింపాదిగా. తియ్యడంలో తొందర ఉండొచ్చేమో గానీ, పెట్టడంలో ఎవరికీ తొందర ఉండదు. టెక్సాస్ లైసెన్సు పరీక్షలో యాభై గుళ్లు కాల్పిస్తారు. హోల్‌స్టర్‌లోంచి తియ్యడం, మళ్లీ పెట్టడం అందులో లేవు. రోజూ చేసే పనిని ఎవరికి వాళ్లు నేర్చుకోవాల్సిందే. బయట బాత్రూంలో కూడా అదే నియమం, పిస్టల్ హోల్‌స్టర్‌లోనే, హోల్‌స్టర్ ప్యాంటుకే. తీసి టిష్యూ డబ్బా మీద పెట్టి మర్చిపోయి వచ్చిన పోలీసులు కూడా ఈ దేశంలో ఉన్నారు.

పంచె కట్టుకున్న రోజు నా పిస్టల్ ఇంట్లోనే ఉంటుంది. బెల్టు లేని చోట హోల్‌స్టర్ లేదు, హోల్‌స్టర్ లేని చోట పిస్టల్ లేదు. చీర కట్టుకున్న అక్కచెల్లెళ్లు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటే సరిపోతుందని అంటుంటారు. వాళ్లకు ఐడహో సంగతి చెబుతాను. 2014 డిసెంబర్ 30న హేడెన్ ఊళ్లో వాల్‌మార్ట్‌లో ఒక తల్లి షాపింగ్ చేస్తోంది. పిస్టల్ ఆమె బ్యాగులోనే ఉంది, పిస్టల్ పెట్టుకోవడానికే ప్రత్యేకంగా కుట్టిన అరలో. ట్రాలీలో కూర్చున్న రెండేళ్ల కొడుకు ఆ అరలో చెయ్యి పెట్టాడు. పిస్టల్ పేలి తల్లి అక్కడికక్కడే చనిపోయింది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఒంటి మీద లేని పిస్టల్ సేఫ్‌లో ఉండాలి, మూడో చోటు లేదు.

చట్టం గురించి ఒక మాట. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్లు నిండి, చట్టం నిషేధించనివాళ్లు లైసెన్సు లేకుండానే హ్యాండ్‌గన్ పెట్టుకోవచ్చు. బయటికి కనిపించేలా ఉంటే మాత్రం హోల్‌స్టర్‌లో ఉండాలని ఆ చట్టమే చెబుతోంది. అయితే హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ గుండు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. తప్పు జరిగితే జైలుతో పోదు, ఈ దేశంలో ఉండే హక్కే పోవచ్చు. గ్రీన్‌కార్డు రాని తమ్ముళ్లు ఫ్రెండు ఇచ్చాడు కదా అని చేతిలోకి కూడా తీసుకోకుండా ముందు లాయర్‌ని అడగండి. మన భారతదేశంలో కూడా 2016 ఆయుధ నియమాలు లైసెన్సు ఉన్నవాళ్లు బహిరంగ ప్రదేశంలో పిస్టల్‌ని హోల్‌స్టర్‌లాంటి దాంట్లో, పూర్తిగా కప్పి, తమ అదుపులో ఉంచుకునే తీసుకెళ్లాలని చెబుతున్నాయి. పెళ్లి ఊరేగింపులో చేత్తో ఊపడానికి హైదరాబాద్‌లోనైనా హ్యూస్టన్‌లోనైనా అనుమతి లేదు.

ఇప్పటికే పిస్టల్ పెట్టుకుంటున్నవాళ్లకు నా మనవి. ఈ ఆదివారం దాన్ని ఖాళీ చేసి, గుళ్లు వేరే గదిలో పెట్టి, మీ హోల్‌స్టర్‌ని బల్ల మీద పెట్టుకుని చూడండి. ట్రిగ్గర్ దగ్గర బొటనవేలితో అదమండి. నోరు ముడుచుకుంటోందేమో చూడండి. తలకిందులుగా ఊపండి. వీటిలో ఒక్కదాంట్లో తప్పినా, సరైనది వచ్చేదాకా పిస్టల్‌ని సేఫ్‌లోనే ఉంచండి.