మధ్యవర్తికి ఓ లైసెన్సు

దళారీల మీద నా పాత కక్ష మీకు తెలిసిందే. చేపల రేవు నుంచి రైతు బజారు దాకా ఎవరినీ వదల్లేదు. ఈ వారం ఆ కక్షకు కొత్త మేత దొరికింది. రుషికొండలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు తెలుగు రాసుకునే ఆప్ ఒకటి తయారుచేస్తున్నాడు. నా బ్లూటూత్ కీబోర్డుతో అది పనిచేయాలని నా షరతు.

"కనెక్ట్ బటన్ ఏదిరా?"

"ఉండదు మామయ్యా. జత కలిపేది ఫోను. మన కోడ్‌కి అందేది ఏ మీట నొక్కారన్న కబురే."

ఆప్ మనది, కీబోర్డు మనది, పెత్తనం ఆండ్రాయిడ్‌ది! ఒళ్లు మండింది.

వాడు ఓపిగ్గా చెప్పాడు. కీబోర్డుకు అక్షరాలు రావు, నంబర్లే వచ్చు. డి మీట 7, జి 10, కె 14. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో 'ఉక్కు' కొడితే, షిఫ్ట్‌తో 10, ఆపైన 14, 7, 14, 10 గాల్లోకి వెళతాయి. ఆ 7 పొల్లు. ఫోను చేతిలో 14 కాస్తా 39 అయి ఆప్‌కి చేరుతుంది. దాన్ని 'క' చేయడమే మావాడి ఆన్‌కీడౌన్ ఫంక్షన్ పని.

ఈ మధ్యవర్తి సంగతి వింటుంటే మా ఊరి రేవు గుర్తొచ్చింది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్క ఇరుకు కాలువలోంచి ఓడలు రావడం చూడటమే మా చిన్నప్పటి సినిమా. 1933లో తెరిచిన ఆ రేవులోకి ఎంతటి కెప్టెనైనా సొంతంగా రాడు. రేవు పైలట్ పడవలో ఎదురెళ్లి, తాళ్ల నిచ్చెన పట్టుకుని ఓడెక్కి దారి చెబుతాడు. ప్రపంచం చుట్టొచ్చినవాడికి అది నామోషీ కాదా అని నాన్నని అడిగేవాణ్ణి. "ఇక్కడి ఇసుక సంగతి అతనికేం తెలుసురా" అనేవారు. ఆ ఇసుకను ఆపడానికే రెండు పాత ఓడలను తెచ్చి అక్కడ ముంచారు మరి.

"నేరుగా కలిపితే నష్టమేంటి?" అని పట్టుబట్టాను.

"నువ్వు బ్యాంకు ఆప్‌లో కొట్టే పాస్‌వర్డ్ కూడా నా ఆప్ వింటుంది, పర్లేదా?"

ఫోను మధ్యలో ఉంటే, తెర మీద ఎవరి వంతు నడుస్తోందో వాళ్లకే మీటలు అందుతాయట. మామూలు ఆప్‌లు కీబోర్డును నేరుగా పట్టుకోకుండా ఆండ్రాయిడ్ ఆ తలుపు మూసేసింది కూడా.

సరే, ఈ ఒక్క దళారీకి లైసెన్సు ఇచ్చేశాను. రైతు బజారు బయట తిరిగేవాళ్లు ఆశపడనక్కర్లేదు.

ఇప్పుడు పేచీ బ్యాక్‌స్పేస్ దగ్గర. 'క్కు' పక్కన ఒకసారి నొక్కితే గుత్తంతా పోవాలంటాడు వాడు. కొమ్ము ఒక్కటి దీర్ఘం చేసుకోవడానికి నేను మళ్లీ మొదటినుంచి కొట్టాలా? ఒప్పుకోను.