ముప్పై మూడు శాతం దేన్ల?

ఈ వారం మా వీధి గోడమీద ఒక పోస్టర్ వెలిసింది. ఆరో తరగతి నుంచే పిల్లలకు ‘డబ్బు పాఠాలు’ నేర్పిస్తారట, ఫీజు మూడు వేలు. ఒళ్లు మండింది. సింగరేణి బొగ్గుగనుల ఊరు గోదావరిఖని పిల్లలకు ఎకనామిక్స్ ఒకరు నేర్పాలా?

మా చిన్నప్పుడు, జీతాలు నోట్లుగా చేతికిచ్చే రోజుల్లో, బొగ్గుబాయి గేటు బయట వడ్డీవాళ్లు వరసగా నిలబడేవాళ్లు. నూటికి పది, అదీ నెలకు. నాన్న జీతం అమ్మకంటే ముందు వాళ్లే లెక్కపెట్టేవాళ్లు. మిగిలింది అమ్మ చాపమీద కుప్పలు పోసేది: కిరాణా ఖాతాకొకటి, చిట్టీకొకటి, మా ఫీజులకొకటి. నాన్న నాలుగు మస్టర్లు (హాజరు రోజులు) పోగొట్టుకున్న నెల ఏ కుప్ప కరుగుతుందో మాకు ముందే తెలుసు. తర్వాత జీతాలు బ్యాంకులో పడటం మొదలైంది, వడ్డీవాళ్లు ఏటీఎం కార్డులే తాకట్టు పెట్టుకోవడం మొదలెట్టారు.

ఇదంతా పక్కింటి ఎనిమిదో తరగతి పిల్లకు గొప్పగా చెప్పాను. వాళ్ల నాన్న సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనిలో కాంట్రాక్టు కార్మికుడు. అంతా విని, ‘తాతా, సింగరేణి లాభంల 33 శాతం వాటా అన్నరు గదా, దేన్ల 33? మా డాడీకి ఐదు వేలే ఎందుకొచ్చినయ్?’ అంది.

2024 సెప్టెంబరు ప్రకటన సంగతి అది. 2023-24 లాభం 4,701 కోట్లు. అందులో 2,289 కోట్లు విస్తరణకని పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు పంచారు. మొత్తం లాభంమీద చూస్తే అది 17 శాతం దాటదు. పర్మినెంటు కార్మికుడికి సగటున 1.90 లక్షలు, కాంట్రాక్టు కార్మికుడికి 5 వేలు, అదీ మొదటిసారి. విస్తరణకు డబ్బు అవసరమే, కొత్త గనులు ఊరికే రావు. కానీ ఎంత, ఎవరు తేల్చారు అని అడగడం అమ్మ చాపమీద నేను నేర్చుకోలేదు. అక్కడ వచ్చిన డబ్బును సర్దుకోవడమే నేర్చుకున్నాం. రావలసింది ఎంతో లెక్కగట్టడానికి బడే కావాలి.

హెడ్మాస్టర్లూ, ఈసారి వాటా ప్రకటించిన మర్నాడు శాతాల పాఠం ఆ అంకెలతోనే చెప్పించండి.