పొగా, వెలుగూ, శాక్సోఫోనూ

1948లో న్యూయార్క్‌లోని రాయల్ రూస్ట్ క్లబ్బులో హెర్మన్ లెనార్డ్ తీసిన డెక్స్‌టర్ గోర్డన్ ఫోటోలో వాయింపు లేదు. పాతికేళ్ల వాద్యకారుడు టోపీ పెట్టుకుని, శాక్సోఫోన్‌ను ఒళ్లో ఆనించుకుని కూర్చున్నాడు. చేతిలో సిగరెట్టు, ముఖం మీదుగా తెల్లటి పొగ దట్టంగా పైకి లేస్తోంది. జాజ్ అనగానే చాలామందికి మొదట గుర్తొచ్చే బొమ్మ ఇదే. చప్పుడు లేని కాగితం మీద సంగీతాన్ని చూపడమెలా అన్న చిక్కును ఆ తరం ఫోటోగ్రాఫర్లు విప్పుకున్న తీరు ఇందులో తెలుస్తుంది.

అసలు కిటుకు దీపాల్లో ఉంది. కెమెరా వైపు నుంచి వెలుగు పడితే పొగ వెలవెలబోతుంది. వెనక నుంచి పడితే నల్లటి నేపథ్యం మీద పొరపొరగా తేలుతుంది. లెనార్డ్ ఫ్లాష్‌లను క్లబ్బు దీపాల పక్కనే అమర్చేవాడు. అందుకే ఆ వెలుగు బయటి నుంచి తెచ్చినట్టు ఉండదు, రోజూ అక్కడ వెలిగేదే అనిపిస్తుంది. టోపీ అంచునూ చెంప ఎముకనూ ఇత్తడి వంపునూ అది సన్నటి తెల్లగీతతో దిద్దుతుంది. నల్లటి చర్మం మీద ఎదురు ఫ్లాష్ కొడితే ముఖం చదునుగా కనిపిస్తుంది. పక్కవాటు వెలుగులో చెమట మెరుపుతో సహా ముఖకవళికలన్నీ పలుకుతాయి. రంగు లేకపోవడం ఇక్కడ లోటు కాదు. చూపును మరల్చే రంగురంగుల దీపాలు, గోడలు తప్పుకుని ముఖమూ వాద్యమూ మిగులుతాయి.

లెనార్డ్ ఈ పని నేర్చింది కెనడాలోని ఒట్టావాలో, యూసుఫ్ కార్ష్ దగ్గర ఏడాది శిష్యరికం చేసి. కార్ష్‌ది నిదానమైన పద్ధతి: పెద్ద కెమెరా, 8×10 అంగుళాల ఫిల్ము, ముఖానికి ఒక దీపం, చేతులకు విడిగా మరొకటి. అంత శ్రద్ధగా ముఖాలు తీర్చిన ఆయనే 1954లో ఫ్రాన్స్‌లోని ప్రాద్‌లో పాబ్లో కాసల్స్‌ను వెనక నుంచి తీశాడు. ఫ్రాంకో పాలన కారణంగా స్వదేశం స్పెయిన్‌కు దూరమైన ఆ చెల్లో విద్వాంసుడు పాత మఠంలో రాతిగోడ వైపు తిరిగి వాయిస్తున్నాడు. పైన ఒక చిన్న కిటికీ, అంతే. ముఖం కనబడకపోయినా ఏకాంతమూ ప్రవాసమూ ఆ వీపులోనే తెలుస్తాయి. లెనార్డ్ మరో అడుగు వేశాడు. శాక్సోఫోన్ వాద్యకారుడు లెస్టర్ యంగ్ చిత్రంలో మనిషే లేడు. అతని టోపీ, శాక్సోఫోన్ పెట్టె, సీసా మీద కాలుతున్న సిగరెట్టు ఉన్నాయి. అభిమాని గుర్తుపట్టడానికి అవే చాలు.

బెర్లిన్ నుంచి 1939లో అమెరికా చేరిన ఫ్రాన్సిస్ వోల్ఫ్ దారి వేరు. బ్లూ నోట్ రికార్డుల సంస్థ కోసం రికార్డింగు జరుగుతుండగానే అతను ఫోటోలు తీసేవాడు. ఫ్లాష్‌ను చేత్తో ఎత్తి పట్టుకునేవాడు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి దగ్గరున్న ముఖం వెలిగి, వెనకున్నదంతా చీకటయ్యేది. 1950ల్లో, 1959 దాకా, ఆ రికార్డింగులు ఎక్కువగా జరిగింది రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో. ఫోటోల్లో మాత్రం అది నడిరేయిలా కనిపిస్తుంది.

ఫోటో తీయడంతో సగం పనే అయినట్టు. డార్క్‌రూమ్‌లో నెగటివ్ గుండా వెలుగు కాగితం మీద పడుతుండగా, తెల్లగా ఉండాల్సిన చోట కాసేపు చేయి అడ్డం పెడతారు. నల్లబడాల్సిన చోట మరికొంత వెలుగు పోస్తారు. పొగ తెల్లదనం, నేపథ్యపు నలుపు ఎంతవరకన్నది ఆ క్షణాల్లోనే తేలుతుంది. ఒకే నెగటివ్ నుంచి వచ్చినా చేతితో వేసిన ఏ రెండు ప్రింట్లూ అచ్చంగా ఒకటి కావు. 2005లో కత్రినా తుఫాను న్యూ ఆర్లియన్స్‌ను ముంచినప్పుడు లెనార్డ్ ఇంట్లో సుమారు 8,000 ప్రింట్లు నాశనమయ్యాయి. నెగటివ్‌లు మాత్రం అప్పుడు ఆగ్డెన్ మ్యూజియంలో ఉండటంతో దక్కాయి. గోర్డన్ పొగ వాటిలోనే మిగిలింది.